స్వామి, భవానీ, వీరాభిమాని, పిచ్చోడు: అతి ఇష్టానికి మనం పెట్టే పేర్లు

కార్తీకం వచ్చిందంటే బెజవాడలో మనుషుల్ని పిలిచే తీరే మారిపోతుంది. ఆటోనగర్ షెడ్డులో నిన్నటిదాకా "ఒరేయ్, ఇటు రారా" అనిపించుకున్న కుర్రాడు మాల వేసుకున్న పూట నుంచి స్వామి అవుతాడు. షెడ్డు యజమాని సైతం "స్వామీ, ఆ పానా ఇలా ఇవ్వండి" అనాల్సిందే. నల్లబట్టల వాళ్లు స్వాములైతే, ఎర్రబట్టలు కట్టి దుర్గమ్మ మాల వేసుకున్నవాళ్లు భవానీలు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా ఒకటే పిలుపు. సిటీ బస్సులో కండక్టరు ఓ మీసాలాయన్ని చూసి "భవానీ, కాస్త లోపలికి జరగండి" అంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఆరేళ్ల పిల్లాడికి మాల వేస్తే తాతగారు కూడా వాణ్ని మీరు అనే అంటారు.

దేని మీదనైనా పట్టరాని ఇష్టమో భక్తో ఉన్న మనిషిని ఏమనాలి? తెలుగులో మాటలకు కొదవ లేదు. భక్తుడు, ఆరాధకుడు, అభిమాని, వీరాభిమాని, రసికుడు, పిచ్చోడు, ఛాందసుడు, ఉన్మాది. విడిగా చూస్తే ఇవన్నీ ఒకే మెట్లవరుసలా, కింది మెట్టు మీద కొంచెం ఇష్టం, పై మెట్టు మీద చాలా ఇష్టం ఉన్నట్టు కనిపిస్తాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వీటిని వాడే పద్ధతి గమనిస్తే లెక్క అలా లేదు. ఇష్టం ఎంతుందన్నదాని కంటే, ఆ ఇష్టంలో మనిషి తనను తాను ఎక్కడ నిలబెట్టుకున్నాడన్నదాన్ని బట్టి పేరు పడుతోంది.

ముందు దీక్ష సంగతి. మాల వేసుకున్నవాడు తన పేరు పక్కన పెట్టేస్తాడు. పేరుతో పాటు హోదా, కోపం, చెప్పులు, మెత్తటి పరుపు కూడా పక్కకు పోతాయి. తెల్లవారకముందే చన్నీటి స్నానం, రాత్రి నేల పడక. తినే అన్నాన్ని భోజనం అనరు, భిక్ష అంటారు. ఇంకే ఇష్టం కోసమైనా మనిషి ఇంత కష్టపడితే ఊరంతా వింతగా చెప్పుకుంటుంది. దీక్షను మాత్రం ఎవరూ అతి అనరు. దీనికి నియమం ఉంది, గడువు ఉంది. మండల దీక్షయితే 41 రోజులు, అర్ధమండలమైతే 21 రోజులు. మార్గశిరంలో భవానీలు ఇంద్రకీలాద్రి చుట్టూ గిరిప్రదక్షిణ చేసి, అమ్మవారి దర్శనం చేసుకుని, ఇరుముడి సమర్పించి, గురుభవానీ చేత మాల తీయించుకుంటారు. దీక్ష విరమణ అంటారు దాన్ని. మర్నాటి నుంచి మళ్లీ మామూలే: షెడ్డు, పానా, ఒరేయ్. నిన్నటి భవానీని ఇవాళ పేరు పెట్టి పిలిస్తే అవమానం కాదు, భక్తి తగ్గిందనీ ఎవరూ అనరు.

అయ్యప్ప దీక్షలో అనుభవానికి కూడా పేర్లున్నాయి. మొదటిసారి శబరిమల వెళ్లేవాడు కన్నెస్వామి. రెండోసారి కత్తిస్వామి, మూడోసారి గంటస్వామి, నాలుగోసారి గదస్వామి. అలా ఏళ్లు గడిస్తే గురుస్వామి. 18వ ఏడు కొండకు వెళ్లేవారు కొబ్బరి మొక్క తీసుకెళతారు. పేటల్లో పడిపూజ జరిగేటప్పుడు ఈ వరస చాలా పట్టుగా పాటిస్తారు. కోట్ల ఆస్తి ఉన్న కన్నెస్వామి, పూలకొట్టు నడుపుకునే గురుస్వామి కాళ్లకు దండం పెట్టాలి. బయట కులమూ డబ్బూ నిర్ణయించే మర్యాదను ఆ నలభై ఒక్క రోజులూ భక్తి నిర్ణయిస్తుంది. ఎప్పుడూ నువ్వు అనిపించుకునే మనిషికి మీరు అనిపించుకోవడం ఎంత పెద్ద విషయమో, ఏడాదంతా ఒరేయ్ అనిపించుకున్నవాడికే తెలుస్తుంది. మాల వేసుకునేవాళ్లలో కూలిపని, డ్రైవింగ్, చిన్న కొట్లు చేసుకునేవాళ్లు అంతమంది ఉండటానికి ఇదీ ఒక కారణమని నమ్మవచ్చు.

జపాన్‌లో యానిమే బొమ్మల సినిమాలు, మాంగా పుస్తకాల కోసం పడి చచ్చేవాళ్లను ఒటాకు అంటారు. ఆ మాటకు అసలు అర్థం 'మీ ఇల్లు'. మర్యాదగా 'మీరు' అనడానికి వాడేవారు. ఆ అభిమానులు ఒకరినొకరు అంత మన్ననగా పిలుచుకోవడం చూసి 1983లో ఒక రచయిత ఆ పిలుపునే వాళ్లకు పేరుగా పెట్టాడు. స్వాములు, భవానీలు అన్న బహువచనాలు పుట్టిందీ ఇలాగే, పిలుపులోంచే. అక్కడ ఆ పేరు చాలాకాలం ఎగతాళిగా చెలామణీ అయింది. ఇక్కడ మొదటి నుంచీ గౌరవంగానే ఉంది.

సినిమా హాలు దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది.

బెజవాడకు సినిమా నిన్నా మొన్నా వచ్చింది కాదు. మారుతీ సినిమా హాలు 1921 నాటిది. గాంధీనగర్ థియేటర్లు, డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు తరతరాల అభిమానుల్ని చూశాయి. బెనిఫిట్ షోలు, కటౌట్‌కు దండలు, పాలాభిషేకం, తెర ముందు చల్లే కాగితం ముక్కలు, గుమ్మడికాయతో దిష్టి, కొబ్బరికాయలు, హారతి. పైకి చూస్తే అంతా గుడి వ్యవహారమే. అందుకే అభిమానుల్ని భక్తులతో పోల్చేవాళ్లు ఎక్కువ. ఇంగ్లీషు మాట కూడా ఆ పోలికకే దారి తీస్తుంది. ఫ్యాన్ అన్నది ఫెనటిక్ అనే మాటను కత్తిరించగా మిగిలిందని, దాని మూలం గుడి అనే అర్థమున్న లాటిన్ మాటలో ఉందని చెబుతారు.

కానీ తెలుగువాడు ఎంచుకున్న మాట అభిమాని. దీని దారి గుడి వైపు వెళ్లదు. సంస్కృతంలో అభిమానం అంటే ముందుగా గర్వం, 'నేను', 'నాది' అనుకోవడం. వేదాంతులు దేహాభిమానం అన్నప్పుడు ఒంటి మీద ప్రేమ అని కాదు, ఒళ్లే నేననుకునే భ్రమ అని చెప్పారు. దుర్యోధనుణ్ని అభిమానధనుడు అన్నది ఆయన ఎవరినో ప్రేమించాడని కాదు, మాట పడలేడని. వాడుక తెలుగులో ఈ రెండు అర్థాలూ ఇంకా కలిసే ఉన్నాయి. "ఆయనంటే నాకు అభిమానం" అంటాం. "వాడి అభిమానం దెబ్బతింది" అనీ అంటాం. మొదటిది ప్రేమ, రెండోది పౌరుషం. సినిమా అభిమానిలో ఈ రెండూ ఒక్కటే.

నమ్మకం కలగకపోతే సినిమా విడుదలైన రోజు హాలు బయట టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. "మనోడి సినిమా ఎలా ఉందిరా?" అని ఒకడు అడుగుతాడు. "కొట్టేశాం మామా, ఈసారి గట్టిగా కొట్టాం" అంటాడు ఇంకొకడు. కొట్టింది హీరో, నిర్మాత, డైరెక్టర్. క్రియ మాత్రం 'మేం'కు చెందింది. భవానీ ఎప్పుడూ "మేం వరమిచ్చాం" అనడు. భక్తుడికీ దేవతకూ మధ్య దూరం ఉంటుంది, ఆ దూరం వల్లే భక్తి నిలుస్తుంది. అభిమాని ఆ దూరాన్ని తుడిచేస్తాడు. సినిమా వ్యాపారంలో నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) లాగే కృష్ణా ఒక ఏరియా, గుంటూరు ఒక ఏరియా. వాటి షేరు లెక్కలు డిస్ట్రిబ్యూటర్‌కు అవసరం. ఆ సినిమా మీద రూపాయి పెట్టని డిగ్రీ కుర్రాడు కూడా "గుంటూరులో మాదే రికార్డు" అని కొట్లాటకు దిగుతాడు, ఎందుకంటే అది వాడి సొంత పరువు. వెనకటి రోజుల్లో వంద రోజుల సెంటర్లు లెక్కపెట్టేటప్పుడు అభిమానులే చందాలు వేసుకుని, టిక్కెట్లు కొని, ఖాళీ హాల్లో బొమ్మ ఆడించేవారని ఈ రెండు జిల్లాల్లో పాతవాళ్లందరూ చెబుతారు. భక్తుడు హుండీలో వేసే డబ్బు దేవుడి కోసం. ఆ టిక్కెట్ల డబ్బు తన మాట కిందపడకుండా నిలబెట్టుకోవడం కోసం.

ఎన్టీ రామారావు విషయంలో ఈ రెండు దారులూ కలిశాయి. బెజవాడ ఎస్ఆర్ఆర్ కాలేజీలో, గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్న మనిషి, తెర మీద కృష్ణుడయ్యాడు. ఆయన కృష్ణుడి వేషం క్యాలెండర్లు పూజగదుల్లోకి చేరాయి. తిరుపతి వెళ్లిన యాత్రికుల బస్సులు అట్నుంచి మద్రాసు వెళ్లి ఆయన ఇంటి ముందు ఆగేవి. అంతవరకూ భక్తి. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయినప్పుడు ప్రచారానికి ఎంచుకున్న మాట ఆత్మగౌరవం. అంటే అభిమానం అన్న మాటలోని రెండో అర్థాన్ని, పౌరుషాన్ని పట్టుకున్నారు. పిలుపు కూడా దేవుడు నుంచి అన్నగారు అయింది. తమ్ముళ్లు, ఆడపడుచులు అంటూ ఆయన పిలిచిన చుట్టరికంలో జనం తమను తాము చూసుకున్నారు. దేవుడికి ఓటు వేయడం కష్టం, అన్నకు వేయడం తేలిక.

ఈ రెండు జిల్లాల అభిమానం గురించి రాస్తూ కులం ఊసెత్తకపోతే సగమే చెప్పినట్టు. హీరోను మనోడు అనేటప్పుడు ఆ 'మన'లో చాలాసార్లు కులం ఉంటుంది. అందరిలో కాదు, కానీ కళ్లు మూసుకునేంత తక్కువా కాదు. ఫ్లెక్సీల మీద పేర్లు, కాలేజీ హాస్టళ్లలో గొడవలు ఆ సంగతి చెబుతూనే ఉంటాయి. కులాభిమానం అన్న మాటలో కూడా ఉన్నది ఇదే అభిమానం కదా. దీని వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. ఒక నటుడి సినిమా ఆడకపోతే ఒక వీధి కుర్రాళ్లకు మొత్తంగా అవమానం జరిగినట్టు అనిపించడం, పక్క వీధి వాళ్లు అలాగే అనిపించేట్టు చేయడం రెండూ ఇక్కడి నుంచే పుడతాయి.

అభిమానానికి విరమణ లేదు. ఇరవై ఏళ్లు ఒక హీరో కోసం చొక్కా చించుకున్నవాడు ఇక చాలనుకుంటే, ఆ మాట మర్యాదగా చెప్పుకునే తంతు ఏదీ లేదు. "వాడు మారిపోయాడు" అంటారు. రాజకీయాల్లో అయితే ఇంకా మొరటు మాటలు వస్తాయి. భక్తి మానేసినవాణ్ని ఊరు పట్టించుకోదు, అభిమానం మానేసినవాణ్ని ద్రోహి అంటుంది. ఎందుకంటే వాడు వదిలింది హీరోను మాత్రమే కాదు, 'మేం' అన్న మాటను.

ఇక వీరాభిమానిలో ఉన్న 'వీర'. దీన్ని ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ తగిలిస్తున్నాం గానీ, మతానికీ విధేయతకూ ముందు ఈ మాట చేరడం పాత పద్ధతి. వీరశైవం, వీరవైష్ణవం. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుణ్ని వీరవైష్ణవుడిగానే చెప్పుకుంటారు. కారంపూడిలో ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. వీరాచారవంతులు, అంటే ఆ వీరుల ఆచారం పాటించే కుటుంబాలవాళ్లు, తమ ఇళ్లలో భద్రపరచిన ఆయుధాలను ఒంటి మీదకు ఎత్తుకుని నాగులేరు ఒడ్డున వీరుల గుడికి తెస్తారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట చనిపోయినవాళ్ల ఆయుధాలను ఆయా కుటుంబాలు తరతరాలుగా మోస్తున్నాయి. ప్రాణం ఇచ్చేంత విధేయత అన్న అర్థం ఆ 'వీర'లో ఉంది. 2022లో పల్నాడు వేరే జిల్లా అయింది గానీ, గుంటూరు మాటతీరులో ఆ ఛాయ పోలేదు. ఫ్లెక్సీ మీద మీ వీరాభిమాని అని రాయించుకునే కుర్రాడికి ఈ చరిత్ర గుర్తుండదు, అయినా అభిమాని అనే మాట ఒక్కటే సరిపోదని మాత్రం గట్టిగా అనిపిస్తుంది.

రాజకీయం భక్తి భాషను అరువు తెచ్చుకోవడమూ ఇక్కడ కొత్త కాదు. 1921లో చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్నుకు ఎదురుతిరిగి ఊళ్లు ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోదే. నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తన వలంటీర్లకు పెట్టిన పేరు రామదండు. కాంగ్రెస్ సేవాదళం అని చెబితే ఎంతమందికి ఎక్కేదో గానీ, రాముడి దండు అంటే విడమరచి చెప్పాల్సిన పనిలేదు. ఇప్పటి అభిమానులు తమను ఆర్మీ అనుకుంటున్నారు. మాట ఇంగ్లీషుది, వరస మాత్రం దండుదే.

పిచ్చి, వెర్రి వేరే జాతి మాటలు. భక్తుణ్నని, అభిమానినని మనిషి తన గురించి తాను చెప్పుకుంటాడు. పిచ్చి అన్నది చాలావరకు పక్కవాళ్లు ఇచ్చే తీర్పు. క్రికెట్ పిచ్చి, సినిమా పిచ్చి, సీరియల్ పిచ్చి. ప్రేమతో అంటే ముద్దు మాట, విసుగుతో అంటే జబ్బు పేరు. 'వెర్రి వేయి విధాలు' అని సామెత. అదే వెర్రి అందరికీ ఒకేసారి పడితే వేలంవెర్రి. పూనకం మాత్రం పిచ్చి కిందకు రాదు. హీరో ఎంట్రీకి హాలంతా పూనకం వచ్చిందంటే మెచ్చుకోలే. పూనకం ఎక్కుతుంది, కాసేపటికి దిగుతుంది, ఆ కాసేపు చేసినదానికి మనిషిని ఎవరూ నిలదీయరు. జాతరలో అమ్మవారు పూనినవాళ్లకు ఇచ్చిన వెసులుబాటునే హాల్లోనూ ఇస్తున్నాం.

ఎవరికి పిచ్చి అనాలి, ఎవరికి అభిరుచి అనాలి అన్నది మాత్రం న్యాయంగా జరగడం లేదు. తిండి మీద ఇష్టం ఉన్న డబ్బున్నాయన భోజనప్రియుడు, లేనివాడు తిండిపోతు. పాత కార్లు కొని దాచుకుంటే అభిరుచి, పాత సినిమా పోస్టర్లు దాచుకుంటే పిచ్చి. ఆడవాళ్ల విషయంలో ఇంకా అన్యాయం. వీరాభిమాని అనగానే ఎవరి కళ్ల ముందైనా మగవాడే మెదులుతాడు. అభిమాన సంఘాల బోర్డుల మీద ఆడపేర్లు వెతుక్కోవాల్సిందే. రాత్రి తొమ్మిదింటి సీరియల్ కోసం పనులన్నీ ముందే ముగించుకునే ఇల్లాలి ఇష్టానికి పిచ్చి తప్ప మరో మాట దొరకలేదు. తెల్లవారుజామున బెనిఫిట్ షోకు లైన్‌లో నిలబడే ఆమె కొడుకు మాత్రం డైహార్డ్ ఫ్యాన్. భవానీ దీక్ష ఒక్కటే ఆడవాళ్ల భక్తికి మగవాళ్లతో సమానమైన పేరు, రంగు, పిలుపు ఇచ్చింది.

పిచ్చికి ఫలితం కనబడితే మాట తిరగబడటమూ ఉంది. పుస్తకం పుస్తకం అంటూ ఊరూరా తిరిగితే పుస్తకాల పిచ్చోడు అనడం లోకం తీరు. అలా తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గ్రంథాలయ పితామహుడు అయ్యారు. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911లో వచ్చింది, ఆంధ్ర గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ 1914లో ఇదే ఊళ్లో జరిగింది. ఆ ఇష్టం ఉద్యమం కాకుండా ఒక గదిలో ఆగిపోయి ఉంటే ఆయనకూ మనం పుస్తకాల పురుగు అన్న మాటే తగిలించేవాళ్లమేమో.

పద్యనాటకం రోజుల్లో ఇంకో మాట ఉండేది, రసికుడు. ఇప్పుడు ఆ మాటకు అర్థం జారిపోయింది, అది బాధాకరం. తెనాలి నుంచి గుంటూరు దాకా పరిషత్తుల్లో, సంతల దగ్గర పందిళ్లలో రాత్రంతా కూర్చున్న జనానికి అది తగిన పేరు. స్థానం నరసింహారావు సత్యభామగా, కల్యాణం రఘురామయ్య ఈలపాటతో వేదిక మీదకొస్తే ముందు వరసల్లోంచి "వన్స్ మోర్" అని కేకలు. నటుడు పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. రాగం కొద్దిగా తప్పినా పట్టేసే రైతులు, రిక్షా కార్మికులు ఆ జనంలో ఉండేవారు. పద్యం వాళ్లకూ నోటికి వచ్చు. అయినా మళ్లీ కావాలి, ఎందుకంటే ఇంతకుముందు పాడిన దానికంటే ఈసారి కొత్తగా ఏం సంగతి వేస్తాడోనన్న ఆశ. నటుడంటే చెవి కోసుకునేవాళ్లే, గొంతు సరిగా పలకని రోజున "కూర్చోవయ్యా" అని అరవగలిగేవారు. తన మనిషి తప్పు చేస్తే తప్పనగలిగే ఇష్టం రసికుడిది. అభిమానికి అది చేతకాదు. 'మనోడు' తప్పితే తానూ తప్పినట్టేనని అతని లెక్క. ఈ మాటలన్నిటిలో మళ్లీ వాడుకలోకి రావాల్సింది ఏదైనా ఉంటే అది రసికుడే.

ద్వేషించేవాణ్ని కూడా ఈ లెక్కలో చేర్చిన ఘనత మన పురాణాలది. శాపం తగిలిన జయవిజయులు ఏడు జన్మలు భక్తులుగా పుట్టడం కంటే మూడు జన్మలు శత్రువులుగా పుట్టి త్వరగా స్వామిని చేరడం మేలనుకున్నారు. హిరణ్యకశిపుడు, రావణుడు, శిశుపాలుడు ఆ లెక్కన వైరభక్తులు. పగవాణ్ని అనుక్షణం తలచుకోవడమూ ధ్యానమే అన్నది అందులోని ఆలోచన. సోషల్ మీడియాలో యాంటీ ఫ్యాన్ అని పిలుస్తున్నవాడికి ఇంతకంటే సరైన పేరు దొరకదు. అవతలి హీరో ట్రైలర్ రాగానే ఆపి ఆపి చూసేది వాడే. మొదటి ఆటకు టిక్కెట్ కొని, ఇంటర్వెల్ లోపే తప్పులు ఏరి పోస్ట్ పెట్టేదీ వాడే. సొంత హీరో పాత సినిమాల తేదీలు మరిచిపోయినా అవతలివాడి ఫ్లాపులు మాత్రం ఏడాదితో సహా చెబుతాడు.

ఇలాంటివాళ్లందరికీ తగిలే పెద్ద తిట్టు పిచ్చోడు కాదు, ఉన్మాది కూడా కాదు. "పెయిడ్ బ్యాచ్" అనడం. పిచ్చోడంటే నవ్వేస్తారు, సైకో ఫ్యాన్ అన్న మాటను కొందరు ప్రొఫైల్‌లో తామే రాసుకుంటున్నారు. డబ్బు తీసుకుని అరుస్తున్నావంటే మాత్రం భరించలేరు, వెంటనే కాల్ రికార్డులు, పాత ఫోటోలు, ఎన్నేళ్లుగా సంఘంలో ఉన్నదీ అన్నీ బయటపెట్టి నిరూపించుకోవడానికి దిగుతారు. ఎంత చదువు పోయినా, ఎంత డబ్బు పోయినా వెనక్కి తగ్గనివాడు ఆ ఒక్క మాట దగ్గర నొచ్చుకోవడం చూస్తే, ఆ ఇష్టంలో అతను దేన్ని విలువైనదిగా దాచుకున్నాడో తెలుస్తుంది.